ట్రైలర్ మీద తెరచాప పడవ: ప్యూజెట్ సౌండ్‌లో తొలి సీజన్‌కి సమగ్ర మార్గదర్శి

సియాటిల్ చుట్టుపక్కల మన వాళ్ళతో తెరచాప పడవ గురించి మాట్లాడితే వచ్చే మొదటి మాట "అమ్మో, అది డబ్బున్న వాళ్ళ వ్యవహారం కదా" అని. మెరీనాలో పెట్టే పెద్ద పడవ సంగతి అయితే నిజమే. కానీ 19 నుంచి 22 అడుగుల లోపు పడవ, లోపల పడుకోవడానికి చిన్న క్యాబిన్, కింద ట్రైలర్, అన్నీ కలిపి సెకండ్ హ్యాండ్‌లో నేను చూసినవి చాలావరకు నాలుగు వేల నుంచి ఎనిమిది వేల డాలర్ల మధ్య ఉన్నాయి. ఇంటి పక్కన జాగా ఉంటే నెలనెలా కట్టే అద్దె లేదు. బెల్‌వ్యూలో పొద్దున్న ఏడింటికి బయల్దేరితే పదిన్నరకల్లా ఒలింపియాకి ఉత్తరాన నీళ్ళ మీద ఉండొచ్చు.

ఆరేళ్ళుగా నా దగ్గర 1979 నాటి కాటలీనా 22 అనే చిన్న తెరచాప పడవ ఉంది. ఈ ఆరేళ్ళలో నాకు గట్టిగా అర్థమైంది ఒక్కటే: పడవ ఎంత పెద్దదన్నది కాదు, ఇంటి నుంచి నీళ్ళలోకి ఎంత తేలిగ్గా చేరుతుందన్నదే మీరు దాన్ని ఏడాదికి మూడుసార్లు వాడతారా ముప్ఫైసార్లు వాడతారా అన్నది తేలుస్తుంది. కింద చెప్పేదంతా ఆ లెక్కలోనే చదవండి.

మొదటి అడుగు: ముందు నీళ్ళు ఎంచుకోండి

చాలామంది ముందు పడవ కొని, తర్వాత ఎక్కడికి వెళ్ళాలా అని ఆలోచిస్తారు. తిరగెయ్యండి. ప్యూజెట్ సౌండ్ అంటే పసిఫిక్ నుంచి భూమిలోకి చొచ్చుకొచ్చిన ఉప్పునీటి పాయ, అందులో టకోమా న్యారోస్‌కి దక్షిణాన ఉన్న భాగాన్ని సౌత్ సౌండ్ అంటారు. చేతివేళ్ళలా విడిపోయిన ఇరుకు పాయలు, మధ్య మధ్య లంకలు. సముద్రపు అల ఇక్కడిదాకా రాదు, గాలి ఎటునుంచి వీచినా ఏదో ఒక గట్టు చాటు దొరుకుతుంది. కోనసీమ వాళ్ళకి చూడగానే ఇల్లు గుర్తొస్తుంది, కొబ్బరిచెట్ల బదులు ఫర్ చెట్లు అంతే.

మొదటి సంవత్సరం ఇక్కడే ఉండండి. ఉత్తరాన ఉన్న శాన్ వాన్ దీవులు చాలా అందంగా ఉంటాయి, ఒప్పుకుంటాను, కానీ అటువైపున్న డిసెప్షన్ పాస్ అనే ఇరుకు జలసంధి దగ్గర నీటి ప్రవాహం ఒక్కోసారి ఎనిమిది నాట్లదాకా పోతుంది (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు), మీ పడవ ఎంత పరిగెత్తినా ఆరు నాట్లు దాటదు. టకోమా న్యారోస్‌లో కూడా నాలుగైదు నాట్లు మామూలే. ఈ లెక్క ఒంటబట్టాక వెళ్ళొచ్చు, తొందరేం లేదు.

రెండో అడుగు: మీ కారు ఏం లాగుతుందో చూడండి

కారు మాన్యువల్ తీసి టోయింగ్ కెపాసిటీ పేజీ చూడండి, ఎవరో చెప్పింది నమ్మకండి. మనవాళ్ళ ఇళ్ళలో ఎక్కువగా కనిపించే ఒడిస్సీ, సియెన్నా మినీవ్యాన్లు రెండింటికీ 3,500 పౌండ్లు పరిమితి. టెస్లా మోడల్ వై కూడా అంతే, అయితే ట్రైలర్ తగిలిస్తే రేంజ్ బాగా పడిపోతుంది కాబట్టి దారిలో చార్జింగ్ ముందే చూసుకోవాలి. వీ6 హైల్యాండర్ 5,000 లాగుతుంది, హైబ్రిడ్ అయితే 3,500 మాత్రమే.

ఇక్కడ చాలామంది చేసే తప్పు పడవ బరువు ఒక్కటే చూడటం. పడవ బరువుకి ట్రైలర్, మోటారు, బ్యాటరీ, పెట్రోలు, నీళ్ళు, లంగరు, కూలర్ కలపండి. కాటలీనా 22 కాగితం మీద 2,250 పౌండ్లు, నాది ఒకసారి పూర్తి సామానుతో వేబ్రిడ్జ్ ఎక్కిస్తే 3,700 దాటింది. అందుకే మినీవ్యాన్ ఉన్నవాళ్ళకి నేను కాటలీనా వద్దనే చెబుతాను. మొత్తం బరువులో పది శాతం దాకా కారు హుక్ మీద పడేట్టు సామాను సర్దాలి, వెనక బరువు ఎక్కువైతే హైవే మీద ట్రైలర్ తోక ఊపుతుంది, అది భయంకరమైన అనుభవం. ట్రైలర్‌కి బ్రేకులు ఉన్నదే తీసుకోండి.

మూడో అడుగు: పడవ

రెండు పడవల గురించే వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ అమ్మకానికి తరచూ కనిపించేవి ఇవే, విడిభాగాలు దొరికేవీ ఇవే.

కాటలీనా 22 ఫ్రాంక్ బట్లర్ డిజైన్, తయారీ 1969లో మొదలైంది, 15,000 పైచిలుకు చేశారు. వెడల్పు 7 అడుగుల 8 అంగుళాలు కాబట్టి స్పెషల్ పర్మిట్ లేకుండా రోడ్డు మీద లాగొచ్చు. స్వింగ్ కీల్ రకం తీసుకోండి: అడుగున దాదాపు 550 పౌండ్ల ఇనుప పలక, విన్చ్ (కేబుల్ చుట్టే చేతి చక్రం) తిప్పితే పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. దించితే ఐదడుగుల లోతు కావాలి, ఎత్తితే రెండడుగుల్లోపు చాలు. నలుగురున్న కుటుంబం ఒక రాత్రి సర్దుకుని పడుకోవచ్చు.

వెస్ట్ వైట్ పాటర్ 19 ఇంకా చిన్నది. బరువు సుమారు 1,225 పౌండ్లు, కీల్ ఎత్తితే ఆరంగుళాల నీళ్ళలో కూడా తేలుతుంది, మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) ఒక్కరే లేపగలిగినంత తేలిక. ఇద్దరికి హాయిగా, చిన్న పిల్లలుంటే నలుగురికి ఇరుకుగా సరిపోతుంది. నిజం చెప్పాలంటే మళ్ళీ కొనాల్సొస్తే నేను పాటరే కొంటాను. నా కాటలీనాకి ర్యాంప్ (పడవని నీళ్ళలోకి దించే కాంక్రీటు వాలు) దగ్గర సిద్ధం కావడానికి గంటంపావు పడుతుంది, పక్కన పాటర్ వాళ్ళు నలభై నిమిషాల్లో తేలిపోతున్నారు. ఆ అరగంట తేడా వల్ల "ఈ వారం వద్దులే" అనుకున్న శనివారాలు నాకు చాలానే ఉన్నాయి.

మాక్‌గ్రెగర్ 26 గురించి అందరూ అడుగుతారు. పడవ ఒరిగిపోకుండా ఆపే బరువు (బ్యాలస్ట్) కోసం అడుగున నీళ్ళు నింపుకుంటుంది కాబట్టి పొడవుకి తగ్గ బరువుండదు, లోపల జాగా ఎక్కువ. కొన్ని మోడళ్ళకి 50 హార్స్‌పవర్ మోటారు పెట్టొచ్చు. పిల్లలతో మోటారు మీదే ఎక్కువ తిరగాలనుకుంటే మంచిదే, తెరచాప ఆనందం కోసమైతే నా ఓటు దానికి కాదు.

నాలుగో అడుగు: కొనే ముందు వంగి, పాకి చూడండి

ఫోటోలు చూసి అడ్వాన్స్ పంపకండి. వెళ్ళి ఫోన్ టార్చ్ వేసుకుని పడవ కింద పడుకోండి.

స్వింగ్ కీల్ పడవలో ప్రాణం అంతా ఒక స్టీల్ కేబుల్ మీద ఉంటుంది. చెయ్యి కోసుకోకుండా ఒక గుడ్డతో కేబుల్ పొడవునా తుడవండి, గుడ్డ పోగులు ఎక్కడ పట్టుకుంటే అక్కడ తీగ తెగిందని అర్థం, ఆ కేబుల్ మార్చాల్సిందే. తర్వాత కీల్‌ని పక్కకి ఊపి చూడండి. కొంచెం కదలడం సహజం, గంట కొట్టినట్టు శబ్దం వస్తే అది వేలాడే పిన్ను, దాని బ్రాకెట్లు అరిగిపోయాయన్నమాట. కేబుల్ హల్ (పడవ అడుగు భాగం) లోంచి క్యాబిన్‌లోకి వచ్చే చోట ఒక చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. అది చిట్లితే నీళ్ళు నేరుగా లోపలికే వస్తాయి. నేను కొన్న రోజే నాదాన్ని నొక్కి చూస్తే ఎండిన చింతకాయ పెంకులా పగిలింది. ఇరవై డాలర్ల భాగం, దాని మీద మొత్తం పడవ ఆధారపడి ఉంది.

డెక్ మీద బరువుగా నడవండి, కాలు కింద మెత్తగా అనిపిస్తే లోపలి చెక్క నానిందని. మాస్ట్‌ని పట్టి ఉంచే స్టీల్ తీగలు పదేళ్ళు దాటినవైతే మార్చడానికి డబ్బు పక్కన పెట్టుకోండి.

ట్రైలర్‌ని పడవ కంటే శ్రద్ధగా చూడండి అంటాను. టైరు పక్కన చివరి నాలుగంకెలు చూడండి, 2219 అని ఉంటే 2019లో 22వ వారం తయారైందని. ఐదారేళ్ళు దాటితే అరుగు బాగా కనిపిస్తున్నా మార్చేయండి. చక్రం ఎత్తి తిప్పితే బేరింగ్ గరగరమనకూడదు. మోటారు నాలుగైదు హార్స్‌పవర్ చాలు, కానీ లాంగ్ షాఫ్ట్ (ప్రొపెల్లర్‌ని లోతుగా దించే పొడవు కాడ) ఉండాలి, లేకపోతే అల వచ్చినప్పుడు ప్రొపెల్లర్ గాల్లో తిరుగుతుంది. మోటారు ఎందుకంటారా? ఇక్కడ వేసవి పొద్దున్నల్లో గాలి ఆకు కూడా కదలనంతగా పడిపోతుంది.

ఐదో అడుగు: కాగితాలు, లైఫ్ జాకెట్లు

వాషింగ్టన్ రాష్ట్రంలో 16 అడుగులు, అంతకు పైబడిన పడవకి రిజిస్ట్రేషన్ కావాలి, ట్రైలర్‌కి విడిగా ప్లేటు. బోటర్ ఎడ్యుకేషన్ కార్డు 15 హార్స్‌పవర్ నుంచి తప్పనిసరి, మీ చిన్న మోటారుకి అక్కర్లేదు గానీ ఆ కోర్సు ఎలాగూ చెయ్యండి, ఒక వారాంతంలో అయిపోతుంది.

ఎంతమంది ఉంటే అన్ని లైఫ్ జాకెట్లు, నీళ్ళలో పడ్డవాళ్ళకి విసరడానికి తేలే దిండో చక్రమో ఒకటి. 19 అడుగుల లోపు పడవలో పన్నెండేళ్ళు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లలు తొడుక్కునే ఉండాలన్నది రాష్ట్ర చట్టం. మా పడవలో అయితే వయసుతో సంబంధం లేదు, ర్యాంప్ మీద తొడుక్కుంటే మళ్ళీ ఒడ్డుకి వచ్చాకే విప్పడం. సౌండ్ ప్రధాన భాగంలో నీళ్ళు నడివేసవిలో కూడా 12, 13 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటాయి. పడితే మొదటి నిమిషం ఊపిరి అందదు, తర్వాత పది నిమిషాల్లో చేతులు మొద్దుబారతాయి, ఈత బాగా వచ్చినవాళ్ళకైనా అంతే. జాకెట్ ఉంటేనే మిగతా గంట మీ చేతిలో ఉంటుంది. పడవల మధ్య మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియో ఒకటి జాకెట్‌కే తగిలించుకోండి, ఫోన్ తడిస్తే పనిచెయ్యదు. ఛానల్ 16 అందరూ వినేది.

ఆరో అడుగు: ఇంటి ముందు రిహార్సల్

మొదటిసారి మాస్ట్ లేపడం ర్యాంప్ దగ్గర, వెనక పది బళ్ళు ఆగి ఉండగా చెయ్యకండి. డ్రైవ్‌వేలో మూడుసార్లు చెయ్యండి. ముందు తల ఎత్తి చూడండి, కరెంటు తీగలు ఉన్నాయా? ఇది మాటవరసకి చెప్పడం లేదు, 25 అడుగుల అల్యూమినియం మాస్ట్ తీగకి తగిలితే బతకరు. ర్యాంప్ దగ్గర కూడా, పార్కింగ్‌లో పడవ కదిలించే ప్రతిసారీ ఇదే.

వెనక తీగ, పక్క తీగలు ముందే బిగించి, ఏదీ మెలి పడలేదని చేత్తో తడిమి చూసి, అప్పుడు ఒకరు మాస్ట్ ఎత్తుతుంటే ఇంకొకరు ముందు తాడు లాగాలి. ముందు తీగకి పిన్ను పడి, దానికి రింగు వేసేదాకా ఎవరూ చెయ్యి వదలకూడదు. మా ఇంట్లో "పిన్ను పడింది" అని మా ఆవిడ గట్టిగా అరిస్తేనే నేను మాస్ట్ వదులుతాను. ఏ తాడు ఎక్కడిదో రంగు టేపు చుట్టుకుంటే రెండోసారికి సగం టైమ్ ఆదా.

ఏడో అడుగు: ర్యాంప్

హైవే దిగాక చక్రాల మధ్యభాగం మీద చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉంటే సరే, ముట్టుకోలేనంత వేడిగా ఉంటే బేరింగ్ పోతోంది. చల్లారకుండా నీళ్ళలో దించితే ఉప్పునీళ్ళు లోపలికి పీల్చుకుంటుంది కాబట్టి మాస్ట్ లేపే పని అప్పుడు పెట్టుకోండి. దించే ముందు వెనక పట్టీలు విప్పారా, డ్రెయిన్ ప్లగ్ ఉంటే బిగించారా, చుక్కాని పైకి ఉందా, ముందు తాడు ఒకరి చేతిలో ఉందా చూసుకోండి. ముందు విన్చ్ కొక్కెం మాత్రం పడవ తేలాకే విప్పాలి, వాలు మీద విప్పితే పడవ కాంక్రీటు మీదకి జారిపోతుంది. రివర్స్ కుదరకపోతే ముందుకెళ్ళి మళ్ళీ రండి. అక్కడున్న అందరూ ఒకప్పుడు అలాగే చేశారు.

ఎనిమిదో అడుగు: పోటు, పాటు

ఈ మొత్తంలో ఒక్క భాగమే చదువుతానంటే ఇది చదవండి.

మా తాతగారిది తాళ్ళరేవు దగ్గర ఊరు, ఆయన గడియారం చూసి కాదు, పోటు చూసి టైమ్ చెప్పేవారు. నీళ్ళు ఎక్కితే పోటు, తీస్తే పాటు. నేను ఆ మాటలు విన్నానే గానీ వాటి బరువు తెలిసింది ఇక్కడే. ఒలింపియా దగ్గర రోజులో అత్యధిక మట్టానికీ అత్యల్ప మట్టానికీ తేడా సగటున 14 అడుగుల పైనే. కాకినాడ తీరంలో చూసినదానికి రెండింతలకి పైమాట. పైగా రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, ఏ రెండూ సమానం కావు.

నీళ్ళు ఒకే వేగంతో తగ్గవు. దాదాపు ఆరు గంటల్లో మొత్తం తేడాని పన్నెండు వంతులు చేస్తే మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, తర్వాత రెండు, చివర ఒకటి తగ్గుతాయి. 14 అడుగుల రోజున మధ్య రెండు గంటల్లోనే ఏడడుగుల నీళ్ళు మాయమవుతాయి. మొదటి గంట చూసి "ఏమంత తగ్గడం లేదులే" అనుకున్నవాళ్ళే ఇరుక్కుంటారు.

నా మొదటి వేసవిలో అదే జరిగింది. సాయంత్రం ఏడింటికి ఒక చిన్న పాయలో లంగరు వేశాను, నీటి లోతు కొలిచే డెప్త్ సౌండర్‌లో 11 అడుగులు చూపించింది, కీల్ ఎత్తితే రెండడుగులు చాలు కదా, బోలెడు ఉందనుకున్నాను. పులిహోర తిని పడుకున్నాం. రాత్రి ఒంటిగంట దాటాక స్టీలు గ్లాసు అరలోంచి జారి పడిన చప్పుడికి లేచాను. పడవ ఎడమవైపుకి వాలిపోయి ఉంది, మా అమ్మాయి నిద్రలోనే గోడ మీదకి దొర్లింది. టార్చ్ వేస్తే చుట్టూ నీళ్ళు లేవు, మెరిసే బురద, దాంట్లో చిన్న చిన్న కన్నాల్లోంచి ఆల్చిప్పలు నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు. నేను లంగరు వేసింది నిండు పోటు మీద, ఆ రాత్రి తగ్గింది 12 అడుగులు. కింద మెత్తటి బురద కాబట్టి పడవకి ఏం కాలేదు, రాళ్ళయితే పగిలేది. మళ్ళీ తేలేదాకా తెల్లవారుజామున నాలుగైంది, నేను ఆ మూడు గంటలూ అమ్మాయి పక్కన కూర్చునే ఉన్నాను.

అప్పటినుంచి లంగరు వేసే ముందు ఈ లెక్క కాగితం మీద రాస్తాను: ఇప్పుడున్న లోతులోంచి ఇంకా తగ్గబోయే నీళ్ళు తీసెయ్యాలి, అందులోంచి పడవకి కావాల్సిన లోతు తీసెయ్యాలి, మిగిలింది మూడడుగులకి తగ్గకూడదు. ఆ రాత్రి నేను ఈ తీసివేత చేసి ఉంటే 11 లోంచి 12 పోదని అక్కడే తెలిసేది.

ఇంకో సంగతి, నీటి మట్టం వేరు, ప్రవాహం వేరు. నిండు పోటు సమయానికే పక్కనున్న ఇరుకు పాసేజీలో ప్రవాహం ఆగుతుందని అనుకోకండి, ఒక్కోచోట చాలా తేడా ఉంటుంది. నోవా (అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) వాళ్ళు రెండింటికీ వేర్వేరు టేబుళ్ళు ఉచితంగా ఇస్తారు, రెండూ చూడండి. చార్టులో రాసిన లోతు సగటు కనిష్ఠ మట్టం నుంచి లెక్క. టేబుల్‌లో మైనస్ కనిపించిన రోజు అంతకన్నా తక్కువ ఉంటుంది.

తొమ్మిదో అడుగు: లంగరు

ఇక్కడ అడుగు ఎక్కువగా బురద, ఇసుక కాబట్టి డాన్‌ఫోర్త్ రకం (రెండు చదునైన రెక్కలుండే లంగరు) బాగా పట్టుకుంటుంది. చివర 15, 20 అడుగుల గొలుసు, తర్వాత కనీసం 200 అడుగుల నైలాన్ తాడు. ఎంత వదలాలన్నది గరిష్ఠ పోటు లోతుకి లెక్కేయాలి. ఇప్పుడు 8 అడుగులుంది, ఇంకా 13 ఎక్కుతుంది, నీళ్ళ నుంచి పడవ ముక్కు ఎత్తు 3 అడుగులు, మొత్తం 24. దానికి ఐదింతలు, అంటే 120 అడుగులు. గాలి వస్తుందనుకుంటే ఏడింతలు. వేశాక మోటారు నెమ్మదిగా రివర్స్‌లో పెట్టి, ఒడ్డు మీద రెండు చెట్లు ఒకే వరసలో ఉన్నవి చూసుకోండి, అవి విడిపోతుంటే లంగరు జారుతోందని.

పదో అడుగు: మొదటి ట్రిప్

జులైలో, ఫోర్‌కాస్ట్ పది నాట్ల లోపు చెప్పిన రోజున, ఒలింపియాకి ఉత్తరాన బోస్టన్ హార్బర్ ర్యాంప్‌లో దించండి. అక్కడినుంచి హోప్ ఐలాండ్ మూడు నాలుగు నాటికల్ మైళ్ళు. అది మెరైన్ స్టేట్ పార్క్, పార్కు వాళ్ళు వేసిన మూరింగ్ బోయాలు ఉంటాయి, అంటే తాడు కట్టుకోవడానికి తేలుతుండే బంతులు, కాబట్టి మొదటి రాత్రి లంగరు టెన్షన్ లేదు. పక్కనే ఉన్న స్క్వాక్సిన్ ఐలాండ్ ఆ తెగవాళ్ళ సొంత భూమి, అక్కడ దిగకూడదు. రెండింటి మధ్య పాసేజీ ఇరుకు కాబట్టి ప్రవాహం టేబుల్ చూసే దాటండి. రెండో ట్రిప్‌కి హార్స్టీన్ ఐలాండ్‌లో జారెల్ కోవ్ బాగుంటుంది, దక్షిణం నుంచి వెళ్ళేదారిలో వంతెన ఉంది, మీ మాస్ట్ నీళ్ళ నుంచి ఎంత ఎత్తో టేపుతో కొలిచి, వంతెన కింద ఖాళీ ఎంతో చార్టులో చూశాకే వెళ్ళండి.

నీళ్ళ మీద తెల్లటి నురగ మొదలైతే తెరచాప కుదించండి. కుదించాలా వద్దా అన్న ఆలోచన వచ్చిందంటే అప్పటికే కుదించాల్సింది. స్వింగ్ కీల్ పూర్తిగా దించి లాక్ చెయ్యండి, గాలి గట్టిగా ఉంటే క్యాబిన్ తలుపు మూసెయ్యండి. స్మాల్ క్రాఫ్ట్ అడ్వైజరీ (చిన్న పడవలకి ఇచ్చే వాతావరణ హెచ్చరిక) ఉంటే ఇంట్లోనే ఉండి తాళ్ళు సర్దుకోండి.

వంట సంగతికొస్తే, మొదటి రాత్రికి ఇంట్లో చేసిన పులిహోర, దద్దోజనం పట్టుకెళ్ళండి. టీ కోసం చిన్న స్టవ్ వాడితే కాక్‌పిట్‌లోనే (బయట కూర్చుని పడవ నడిపే చోటు), మూసిన క్యాబిన్‌లో ఎప్పుడూ వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. తాగే నీళ్ళు మీరే తీసుకెళ్ళాలి. పోర్టబుల్ టాయిలెట్ తప్పనిసరి, 2018 నుంచి సౌండ్‌లో పడవల మురుగు, శుద్ధి చేసిందైనా సరే, వదలడం నిషేధం, ఒడ్డుకి తెచ్చి పారబోయాలి.

తిరిగొచ్చాక

పూర్తి పాటు సమయంలో ర్యాంప్‌కి చేరకండి, చాలా ర్యాంపులు అప్పుడు చివర మొండిగా ఆగిపోతాయి, ట్రైలర్ చక్రం అంచు దాటి దిగబడితే లాగడం కష్టం. ట్రైలర్ మీద ఎక్కాక కీల్‌ని దించి ట్రైలర్ మీద ఆనించండి, రోడ్డు కుదుపులన్నీ ఆ కేబుల్ మొయ్యకూడదు. ఇంటికొచ్చి ఎంత అలసిపోయినా సరే, ముందు పైపు పట్టుకుని ట్రైలర్ కడగండి: చక్రాలు, బ్రేకులు, స్ప్రింగుల సందులు, లైట్ల వైర్లు. తర్వాత మోటారుకి ఐదు నిమిషాలు మంచినీళ్ళు పట్టండి. తెరచాపలు తడిగా మడత పెట్టకండి, గరాజ్‌లో తాడు కట్టి ఆరేయండి. ఆ రాత్రే కేలండర్ తీసి వచ్చే శనివారాల పోటు టైములు రాసుకోండి.